ఇల్లు కొనేముందు కింద గది సంగతి చూడండి

అమీర్‌పేటలో మైత్రీవనం పక్క గల్లీల్లోకి వెళ్లండి. గోడల మీద, కరెంటు స్తంభాల మీద కాగితాలు అంటించి ఉంటాయి. "గది కిరాయికి కలదు." "ఆడపిల్లల హాస్టల్." "బెడ్డు ఖాళీ." మీరిప్పుడు వాటిని కూడబలుక్కుని చదవగలరు.

ఇన్ని గదులు ఎవరికి? జిల్లాల నుంచి పిల్లలు కోచింగు కోసం ఇక్కడికి వస్తారు. కంప్యూటరు పని నేర్చుకుంటారు. ఉద్యోగ పరీక్షలకు చదువుతారు. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. రోగుల వెంట వచ్చినవాళ్లకు కూడా నాలుగు రోజులు తల దాచుకునే చోటు కావాలి. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. రెండు మెట్రో దారులు అమీర్‌పేటలోనే కలుస్తాయి. అందుకని ఇక్కడ గదులకు గిరాకీ ఎక్కువ.

గిరాకీ ఉంటే జాగా వెతుకుతారు. పైన జాగా నిండిపోతే కింద వెతుకుతారు. బండ్లు పెట్టుకునే సెల్లారులో నాలుగు గోడలు లేపుతారు. ఒక తలుపు, ఒక ఫ్యాను, ఒక నల్లా పెడతారు. గది తయారవుతుంది. కిరాయి మొదలవుతుంది.

కొన్నాళ్లకు ఆ ఇల్లు అమ్మకానికి వస్తుంది. బ్రోకరు వచ్చి ఇట్లా చెబుతాడు. "అమ్మా, కింద గది కిరాయితోనే బ్యాంకు కిస్తీ వెళ్లిపోతది. మీరు పైన హాయిగా ఉండుండ్రి."

ఈ మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆ గదికి పర్మిషన్ లేకపోతే ఏమవుతుంది? ఈ పాఠంలో అదే తెలుసుకుందాం.

సెల్లారు దేనికి?

నేలమట్టానికి కింద కట్టిన అంతస్తును సెల్లారు అంటారు. స్తంభాల మీద ఇల్లు లేపి, కింద ఖాళీగా వదిలిన చోటును స్టిల్టు అంటారు. రెండూ ముఖ్యంగా బండ్లు నిలపడానికే.

2012 ఏప్రిల్ 7న ప్రభుత్వం ఇళ్ల నిర్మాణానికి నియమాలు ఇచ్చింది. వాటిని 168వ నంబరు జి.వో. అంటారు. అందులో ఈ సంగతి రాసి ఉంది. పార్కింగుకు చూపిన జాగాను వేరే పనికి వాడితే, అధికారులు దాన్ని వెంటనే తీసేయవచ్చు, కూల్చేయవచ్చు. జనరేటరు వంటి వాటికి సెల్లారులో కొద్ది భాగం వాడుకోనిస్తారు. మనుషులు కాపురం ఉండడానికి మాత్రం కాదు.

ఎందుకు ఇట్లా రాశారు? రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, బండ్లు. ఇంటి బండ్లు ఇంట్లో నిలపకపోతే గల్లీలో నిలుపుతారు. అమీర్‌పేట, పంజగుట్ట గల్లీల్లో రోజూ చూస్తున్నదే గదా. గల్లీ ఇరుకైతే ఆసుపత్రి బండి రాలేదు. మంటలార్పే బండి రాలేదు.

రెండోది, ప్రాణం. నేల కింద గదికి గాలి తక్కువ. వెలుతురు తక్కువ. బయటికి వచ్చే దారి సాధారణంగా ఒక్కటే. దీని గురించి ముందు ఇంకా చెప్పుకుందాం.

పర్మిషన్ ప్లాను అంటే ఏమిటి?

ఇల్లు కట్టేముందు యజమాని ఒక బొమ్మ గీయిస్తాడు. ఎన్ని అంతస్తులు, ఎన్ని గదులు, మెట్లు ఎక్కడ, పార్కింగు ఎక్కడ అని అందులో ఉంటుంది. మహానగర పాలక సంస్థ దాన్ని చూసి ఒప్పుకుంటుంది. ముద్ర వేస్తుంది. నంబరు ఇస్తుంది. దాన్నే పర్మిషన్ ప్లాను అంటాం.

ఇల్లు కట్టడం అయిపోయాక ఇంకో కాగితం ఇస్తారు. ప్లాను ప్రకారమే కట్టారు, ఇక ఇందులో ఉండవచ్చు అని చెప్పే కాగితం అది. దాని పేరు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. పొట్టిగా ఓ.సి. అంటారు. చాలా చిన్న జాగాలో కట్టిన సొంత ఇళ్లకు ఓ.సి. అడగకపోవచ్చు. మిగతావాటికి కావాలి.

ఇప్పుడు ఒక పని చేయండి. ప్లాను ఒక చేతిలో పట్టుకోండి. ఇల్లంతా తిరగండి. ప్లానులో ఉన్నది ఇంట్లో ఉందా? ఇంట్లో ఉన్నది ప్లానులో ఉందా? ప్లానులో "పార్కింగు" అని రాసి ఉండి, అక్కడ మంచం, పొయ్యి కనబడితే ఆ గదికి పర్మిషన్ లేనట్టే.

ప్లాను మీద అక్షరాలు చిన్నవిగా ఉంటాయి. ఇంగ్లీషులో ఉంటాయి. భయపడకండి. చదువుకున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. "ఇక్కడ ఏం రాసి ఉంది?" అని ఒక్కొక్క గదినీ వేలితో చూపించి అడగండి.

"అందరూ ఇట్లనే ఉన్నరు"

కింద గది గురించి అడగగానే బ్రోకరు కొన్ని మాటలు చెబుతాడు. అవి ఎంతవరకు నిజమో చూద్దాం.

"కరెంటు మీటరు ఉంది గదా?" అంటాడు. మీటరు ఉంటే కరెంటు వస్తుందని అర్థం. గదికి పర్మిషన్ ఉందని కాదు. మీటరు ఇచ్చేది కరెంటు కంపెనీ. కట్టడానికి పర్మిషన్ ఇచ్చేది పాలక సంస్థ. రెండూ వేరు.

"ఇంటి పన్ను కడుతున్నం గదా?" అంటాడు. పన్ను కట్టినంత మాత్రాన పర్మిషన్ వచ్చినట్టు కాదు. పర్మిషన్ లేకుండా కట్టిన భాగానికి పన్ను మీద జరిమానా వేసే వీలు కూడా చట్టంలో ఉంది. ఆ జరిమానా కట్టినా గది సక్రమం కాదు.

"రిజిస్ట్రేషన్ అవుతది గదా?" అంటాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూసేది ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఎంత రుసుము కట్టారు అని. ప్లాను ప్రకారం కట్టారా అని అక్కడ కొలవరు.

"ఇరవై ఏండ్ల నుంచి ఉంది, ఎవ్వరూ అడగలే" అంటాడు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. చాలా ఏళ్లు గడిచాయని, అధికారులు ఊరుకున్నారని, పర్మిషన్ లేని కట్టడం సక్రమం కాదని అందులో చెప్పింది. ఓ.సి. లాంటి కాగితాలు చూశాకే బ్యాంకులు అప్పు ఇవ్వాలని కూడా చెప్పింది.

"తర్వాత పైసలు కట్టి సక్రమం చేయించుకోవచ్చు" అంటాడు. ఇట్లాంటి పథకాలు గతంలో వచ్చాయి. 2007 డిసెంబరులో ఒకటి వచ్చింది. 2015 నవంబరులో ఇంకోటి వచ్చింది. 2015 పథకం మీద హైకోర్టులో కేసులు పడ్డాయి. ఎన్నో దరఖాస్తులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఇంకో ముఖ్యమైన మాట. ప్లానులో పార్కింగుకు చూపిన జాగాకు ఆ పథకం వర్తించదని నియమాల్లోనే రాశారు. కాబట్టి రాబోయే పథకాన్ని నమ్ముకుని సెల్లారు గది కొనకూడదు.

"అందరూ ఇట్లనే ఉన్నరు" అంటాడు చివరికి. అది నిజమే కావచ్చు. కానీ నోటీసు వచ్చినప్పుడు అందరి ఇంటికీ రాదు. ఇంటి యజమాని పేరు మీద వస్తుంది. ఆ పేరు మీది కావచ్చు.

కిరాయి లెక్క

ఇప్పుడు లెక్క వేద్దాం. పలక తీసుకోండి. కాగితమైనా సరే.

ఒక ఇంట్లో సెల్లారు గది ఉంది. దానికి నెలకు 12,000 రూపాయల కిరాయి వస్తోంది. ఆ గది ఉందని అమ్మేవాడు 15 లక్షలు ఎక్కువ అడుగుతున్నాడు. ఇది లెక్క కోసం అనుకున్నది.

ఆ 15 లక్షలు మన దగ్గర లేవు. అప్పు చేయాలి. బ్యాంకు వడ్డీ సంవత్సరానికి నూటికి 9 రూపాయలు అనుకుందాం. 20 ఏళ్లలో తీర్చాలి. అప్పుడు లక్షకు నెల కిస్తీ సుమారు 900 రూపాయలు పడుతుంది.

15 లక్షలకు కిస్తీ ఎంత? 900 ను 15 తో గుణించండి. 13,500 రూపాయలు.

కిరాయి 12,000. కిస్తీ 13,500. అంటే గది నిండా మనుషులు ఉన్న నెలలో కూడా మన చేతి నుంచి 1,500 పడుతుంది. "కిరాయితోనే కిస్తీ వెళ్లిపోతది" అన్న మాట ఇక్కడే తేలిపోయింది.

ఇక గది ఖాళీ చేయించమని నోటీసు వచ్చిందనుకోండి. కిరాయి ఆగిపోతుంది. కిస్తీ ఆగదు. నెలకు 13,500 మనమే కట్టాలి. సంవత్సరానికి 1,62,000 రూపాయలు. గది ఉండదు, అప్పు ఉంటుంది.

ఇంకో సంగతి. బ్యాంకు అప్పు ఇచ్చేముందు ప్లాను చూస్తుంది. పర్మిషన్ లేని భాగానికి మామూలుగా విలువ కట్టదు. అప్పుడు ఆ 15 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? బయట వడ్డీకి తెస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే 15 లక్షలకు నెలకు 30,000 రూపాయలు. అది వడ్డీ మాత్రమే. అసలు అట్లాగే ఉంటుంది.

కాబట్టి సెల్లారు గదికి విడిగా ధర కట్టకండి. బేరం చేసేటప్పుడు దాన్ని గదిగా లెక్క పెట్టకండి. ప్లానులో పార్కింగు అని ఉంటే పార్కింగు కిందనే లెక్క పెట్టండి. "కిరాయి సున్నా అయితే ఈ ఇల్లు మేము నిలుపుకోగలమా?" అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. నిలుపుకోగలం అనుకుంటేనే ముందుకు వెళ్లండి.

ప్రాణాల లెక్క

డబ్బు పోతే కష్టపడి సంపాదించుకుంటాం. ప్రాణం పోతే రాదు. నేల కింద గదికి నీరు, నిప్పు, గాలి మూడూ భయమే.

మొదట నీరు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో పెద్ద వాన పడింది. అమీర్‌పేటకు ఆనుకునే ఉన్న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. అంటే జానెడు కంటే కొంచెం ఎక్కువ. జానెడు నీళ్లే గదా అనిపిస్తుంది. కానీ నీళ్లు పల్లానికి పోతాయి. చుట్టుపక్కల పడ్డ నీళ్లన్నీ పల్లంలో చేరతాయి. సెల్లారు పల్లంలో కెల్లా పల్లం. 2020 అక్టోబరు వానల్లో కూడా నగరంలో ఎన్నో సెల్లార్లు నిండిపోయాయి.

బల్కంపేట ఎల్లమ్మ గుడికి మీరు వెళ్లే ఉంటారు. అమ్మవారు నేలమట్టానికి కింద, బావిలో ఉంటుంది. అక్కడ ఊరే నీళ్లను తీర్థంగా తీసుకుంటాం. ఆ నేల కింద నీరు ఉందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. అట్లాంటి నేలలో గుంత తవ్వి గది కడితే గోడలకు చెమ్మ ఎందుకు రాదు?

ఢిల్లీలో జరిగిన సంగతి వినండి. 2024 జూలై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో పెద్ద వాన పడింది. అది కూడా మన అమీర్‌పేట లాగా కోచింగు సెంటర్ల పేట. ఒక సెంటరు వాళ్లు సెల్లారులో పిల్లలు చదువుకునే గది నడిపారు. ఆ సెల్లారుకు అనుమతి బండ్లకు, సామానుకు మాత్రమే. వాన నీళ్లు ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు.

అమెరికాలో న్యూయార్కు చాలా పెద్ద పట్నం. అక్కడ కూడా 2021 సెప్టెంబరు 1 రాత్రి వాన నీళ్లు నేల కింది ఇళ్లల్లోకి వచ్చాయి. ఆ ఇళ్లల్లో 11 మంది చనిపోయారు. కిరాయి తక్కువ అని వచ్చి ఉన్న పేదవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. పట్నం ఏదైనా నీటి గుణం ఒకటే.

తలుపు వెనక నీళ్లు నిలబడితే ఆ బరువుకు తలుపు తెరుచుకోదు. మెట్ల మీది నుంచి నీళ్లు దూకుతుంటే పైకి ఎక్కలేం. నీళ్లలో కరెంటు తీగ పడితే కాలు పెట్టినవాళ్లకు షాకు కొడుతుంది. అందుకే సెల్లారులో నీళ్లు ఉంటే ముందు పై నుంచి మెయిను ఆపాలి. ఆ తర్వాతే లోపలికి దిగాలి.

ఇక నిప్పు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక కట్టడంలో కింద కరెంటు స్కూటర్ల షాపు, పైన హోటలు ఉన్నాయి. కింద మంటలు లేచాయి. పొగ పైకి పాకింది. 8 మంది చనిపోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింద రసాయనాల డబ్బాలు నిలవ చేశారు. వాటికి నిప్పంటుకుంది. పైన ఉన్నవాళ్లు ఎంతోమంది చనిపోయారు. కింద ఏం పెట్టారన్నది పైన ఉండేవాళ్ల ప్రాణాలకు సంబంధించిన సంగతి అని దీన్నిబట్టి తెలుస్తుంది. కింద గదిని మీరు గోదాముకు కిరాయికి ఇస్తే, మీరూ మీ పిల్లలూ దాని పైనే పడుకుంటారు.

చివరగా గాలి. వంట గ్యాసు మామూలు గాలి కంటే బరువు. సిలిండరు లీకైతే గ్యాసు కిందికి దిగుతుంది. పై ఇంట్లో అయితే కిటికీ, తలుపు తెరిస్తే బయటికి పోతుంది. సెల్లారులో కింద ఎటు పోతుంది? అక్కడే నిలబడుతుంది. లైటు స్విచ్చి వేసినా చాలు, అంటుకుంటుంది. జనరేటరు పొగ ఇంకా మోసం చేస్తుంది. దానిలో వాసన లేని విషపు గాలి ఉంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు.

మా సాయంత్రం తరగతిలో ఒక అక్క అడిగింది. "అన్నీ నిజమే. కానీ తక్కువ కిరాయికి ఇంకెక్కడ దొరుకుతది?" అని. న్యాయమైన ప్రశ్న. హాస్టళ్లలో వంట చేసేవాళ్లు, ఇళ్లల్లో పని చేసేవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు పనికి దగ్గరగా ఉండాలి. పనికి దగ్గర్లో చవక ఇళ్లు లేవు. అందుకే కింద గదిలో ఉంటున్నారు. తప్పు వాళ్లది కాదు. కానీ ఆ గదికి యజమాని అయ్యేవాళ్ల మీద వాళ్ల ప్రాణాల బాధ్యత పడుతుంది. ఇల్లు కొంటే ఆ బాధ్యత కూడా కొన్నట్టే.

బయానా ఇచ్చేముందు

బయానా ఇచ్చాక అడిగితే ఎవరూ చెప్పరు. ఇవ్వకముందే ఈ కాగితాలు అడగండి.

1. పర్మిషన్ ప్లాను. ముద్ర, నంబరు ఉండాలి.

2. ఓ.సి. కాగితం. అవసరం లేదంటే ఎందుకు లేదో అడగండి.

3. ఇ.సి. కాగితం. ఆ ఇంటి మీద రిజిస్టరు అయిన పాత అమ్మకాలు, తనఖాలు ఇందులో తెలుస్తాయి.

4. పాత దస్తావేజులు. చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న కాగితం ఉండాలి.

5. ఇంటి పన్ను రసీదు. అందులో జరిమానా ఉందా అని చూడండి.

6. కరెంటు, నల్లా బిల్లులు. బాకీలు ఉన్నాయా అని చూడండి.

7. పాలక సంస్థ నుంచి ఏమైనా నోటీసులు వచ్చాయా, కోర్టు కేసు ఉందా అని అడగండి. జవాబు నోటిమాటగా కాదు, రాతలో తీసుకోండి.

అమ్మేవాడు ప్లాను పోయిందంటే ఏం చేయాలి? పాలక సంస్థ ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఈ చట్టం 2005లో వచ్చింది. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంటి నంబరు రాసి, "ఈ ఇంటికి ఇచ్చిన పర్మిషన్ ప్లాను నకలు, ఇచ్చిన నోటీసుల నకళ్లు ఇవ్వగలరు" అని రాయండి. ఆ ఒక్క వాక్యం రాయడం మీకు వచ్చు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, కంటికి కనపడని లోపాలను అమ్మేవాడు చెప్పాలి. కంటికి కనపడేవి కొనేవాళ్లే చూసుకోవాలి. కింద గది కంటికి కనబడుతూనే ఉంటుంది. "నాకు తెలియదు" అని తర్వాత చెబితే చెల్లకపోవచ్చు.

వాన పడ్డ మర్నాడు ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి. సెల్లారు గోడకు చెయ్యి ఆనించి చూడండి. చెమ్మ ఉందా? గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఉందా? మోరీ మూత సెల్లారు నేల కంటే ఎత్తులో ఉందా? ఎత్తులో ఉంటే, మోరీ నిండినప్పుడు ఆ నీళ్లు గదిలోకి ఎదురు తన్నవచ్చు. పక్కింటి ఆడవాళ్లను అడగండి. వాళ్లకు అన్నీ తెలుసు.

కిరాయిదారు సంగతి

ఇల్లు చేతులు మారితే కిరాయిదారు తనంతట తాను వెళ్లిపోడు. కొత్త యజమానికి కిరాయిదారు అవుతాడు. ఆయన ఇచ్చిన అడ్వాన్సు పాత యజమాని దగ్గర ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు మిమ్మల్ని అడుగుతాడు.

అందుకని ఒప్పందం కాగితంలో ఇవి రాయించండి. కింద గది ఎవరు ఖాళీ చేయించాలి? ఎన్ని రోజుల్లో? అడ్వాన్సు ఎవరు వాపసు ఇవ్వాలి? ప్లానులో, ఓ.సి.లో తేడా వస్తే బయానా ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? ఖాళీ చేసి, గోడలు తీసి, పార్కింగుగా అప్పజెప్పాకే మిగతా సొమ్ము ఇస్తామని రాయించుకుంటే ఇంకా మంచిది.

ఇప్పటికే కొన్నవాళ్లు

ఇట్లాంటి ఇల్లు ఇప్పటికే కొన్నారా? కంగారు పడకండి. ఊరుకోనూ వద్దు.

ముందు, రాత్రి పూట అక్కడ ఎవరూ పడుకోకుండా చూడండి. వానాకాలం వచ్చేవరకు ఆగకండి. కిరాయిదారుకు ఇల్లు వెతుక్కునే గడువు ఇవ్వండి. అడ్వాన్సు మర్యాదగా తిరిగి ఇవ్వండి. సామాను రోడ్డు మీద వేయకండి. వాళ్లూ మనలాంటి వాళ్లే.

ఆ గడువు అయ్యేదాకా గ్యాసు సిలిండరు కింద పెట్టనివ్వకండి. కరెంటు తీగలు సరిచేయించండి. బయటికి వచ్చే దారికి సామాను అడ్డం పెట్టకండి. తర్వాత గోడలు తీసి పార్కింగు చేయండి.

నోటీసు వస్తే తీసుకోండి. తలుపు వేసుకోకండి. నోటీసులో తేదీ చూడండి. ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలో చూడండి. ఆ గడువు లోపల రాతలో జవాబు ఇచ్చి రసీదు తీసుకోండి. "నేను చూసుకుంటా, నాకు పైసలు ఇవ్వు" అనేవాళ్లకు ఇవ్వకండి. ఆ పైసలకు రసీదు ఉండదు. గదికి పర్మిషనూ రాదు.

వకీలుకు డబ్బు లేదా? ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఇది రాసి ఉంది. 15100 నంబరుకు ఫోను చేయండి. కోర్టులో ఉండే న్యాయ సేవా సంస్థకు వెళ్లి అడగండి.

ఈ నంబర్లు కూడా గోడ మీద రాసి పెట్టుకోండి. మంటలు వస్తే 101. కరెంటు తీగ తెగితే 1912. మోరీ పొంగితే జలమండలి 155313.

సంతకం మీది

ఈమధ్య ఇల్లు ఇంటి ఆడవాళ్ల పేరు మీద కొనడం ఎక్కువైంది. మంచిదే. ఇల్లు మీ పేరు మీద ఉంటే మీకు బలం. కానీ పన్ను, అప్పు, నోటీసు కూడా మీ పేరు మీదనే వస్తాయి. కింద గదిలో ఎవరికైనా ఏమైనా అయితే పోలీసులు అడిగేది కూడా యజమానినే.

ఒకప్పుడు కాగితం ముందు పెట్టి, బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించేవాళ్లు. అందులో ఏముందో మనకు తెలిసేది కాదు. ఇప్పుడు మీకు సంతకం వచ్చు. చదవడమూ వచ్చు. మగవాళ్లు మాట్లాడుకున్నాక చివర్లో పిలిచి సంతకం పెట్టమంటే, "కాగితం ఒకరోజు నా దగ్గర ఉంచండి, చదివి పెడతాను" అనండి. ఎవరూ కోప్పడవలసిన మాట కాదు ఇది. తొందర పెట్టేవాళ్లు ఉంటే ఎందుకు తొందర పెడుతున్నారో ఆలోచించండి.

ఇల్లు అంటే కాగితంలో ఉన్న ఇల్లే. కాగితంలో లేని గది ఇవాళ కిరాయి ఇవ్వవచ్చు, రేపు కన్నీళ్లు ఇవ్వవచ్చు.

చదివారు గదా, ఇప్పుడు చెప్పండి

1. సెల్లారు దేనికి వాడాలి? మీ గల్లీలో దేనికి వాడుతున్నారు?

2. కరెంటు మీటరు ఉంటే గదికి పర్మిషన్ ఉన్నట్టేనా? ఎందుకు కాదు?

3. ఒక గదికి నెలకు 8,000 కిరాయి వస్తుంది. దాని కోసం 10 లక్షలు అప్పు చేశారు. లక్షకు కిస్తీ 900 అయితే నెలకు కిస్తీ ఎంత? చేతి నుంచి ఎంత పడుతుంది?

4. ఇల్లు కొనేముందు అడగవలసిన కాగితాల పేర్లు మీ నోటుబుక్కులో రాయండి.

5. కింద గదిలో ఉండే కుటుంబం మీకు తెలుసా? వాన వచ్చిన రాత్రి వాళ్లు ఎటు నుంచి బయటికి వస్తారు? వాళ్లతో ఈ వారం మాట్లాడండి.